ఫిలిము రంగుల ప్రీసెట్లు : క్రొత్తగా ఫోటోలు దిద్దువారికి కొన్ని మాటలు

మన సంఘ సభ్యులలో కెమెరా గల ఫోను లేనివారు నేడు అరుదు. పొలము గట్టున నిలిచి ఫోటో తీయుట, సాయంకాలమున దానిని బంధువులకు పంపుట నిత్యకృత్యమైపోయినది. అయితే కొంతకాలముగా మన కార్యాలయమునకు వచ్చు ఫోటోలలో ఒక వింత కనబడుచున్నది. నిన్న తీసిన ఫోటో నలుబది యేండ్ల నాటి దానివలె నుండును. నలుపు నలుపుగా నుండక బూడిదరంగుగాను, పైరుపచ్చ చెఱువు నాచువలెను, ముఖములు లేత నారింజగాను, అంతటను సన్నని ఇసుక చల్లినట్లు గరుకుగాను కనబడును. పెద్దలు దానిని చూచి “ఇది ఏనాటి ఫోటో?” అని అడుగుదురు. “నిన్నటిదే తాతా, ఫిలిం ప్రీసెట్ ఏసిన” అని కుఱ్ఱవాడు జవాబు చెప్పును.

ఈ ప్రీసెట్ అనునది ఏమి? దానిని ఎట్లు వాడవలెను? ఎచ్చట వాడరాదు? ఈ ప్రశ్నలు మన సభ్యులు పలువురు అడిగియున్నారు. నేను ఈ విద్యలో పండితుడను కాను. సికిందరాబాదులో కాపురముండి, తీరికవేళ ఫోటోలు దిద్దుట నేర్చుకొనుచున్న యొక సభ్యుడను మాత్రమే. నేర్చుకొనుటలో నేను చేసిన తప్పులలో ఒకటి మా మేనల్లుని పత్తిచేనికి నష్టము తెచ్చినది. ఆ సంగతి ముందు వచ్చును.

ప్రీసెట్ అనగా ముందుగా నిర్ణయించి యుంచిన దిద్దుబాట్ల పట్టిక. ఫోటోలు దిద్దు సాఫ్టువేరులో వెలుగు పెంచుటకు ఒక గీత, నీడలు లేపుటకు ఒక గీత, ప్రతి రంగును అటునిటు జరుపుటకు కొన్ని గీతలు ఉండును. ఒకరు శ్రమపడి ఆ గీతలనన్నింటిని తమకు నచ్చిన చోట నిలిపి, ఆ అంకెలను ఒక పేరుతో దాచుకొందురు. మఱియొకరు ఆ పేరును తాకినంతనే ఆ అంకెలన్నియు వారి ఫోటోకు అన్వయించును. ఇంతకు మించి అందులో మాయ ఏమియు లేదు. ఆ అంకెలు పాతకాలపు ఫిలిము రంగులను అనుకరించునట్లు కూర్చబడినచో దానిని ఫిలిము ప్రీసెట్ అందురు.

కాని ఫిలిము రంగు అనగా ఏమో తెలియక దాని అనుకరణను వాడుట, వంగడము తెలియక విత్తనము చల్లుట వంటిది. అందుచేత ముందు కొంచెము పాత సంగతి చెప్పుకొందము. దీనికి మనము దూరము పోనక్కఱలేదు. మన సికిందరాబాదులోనే ఈ దేశపు గొప్ప స్టూడియోలలో ఒకటి యుండెడిది. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరటు దగ్గఱి సర్ధనాలో జన్మించి, రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో మరామత్తు శాఖలో ఉద్యోగము చేయుచు ఫోటోగ్రఫీ నేర్చెను. 1880వ దశకము నడుమ ఈ ప్రాంతమునకు వచ్చి సికిందరాబాదులో స్టూడియో తెఱచెను. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. దొరల పటములు, దర్బారులు, వేటలు, కోటలు ఇవియే కాక, కఱవు పనులలో దిగిన పేదల చిత్రములను కూడ ఆయన స్టూడియోవారు తీసియుండిరి. 1905లో ఆయన గతించెను. ఆయన గాజుపలకలు వేలకొలదిగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రపఱుపబడియున్నవి.

ఆ గాజుపలకల కాలపు ఫోటోలను చూచినప్పుడు ఒక విషయము గమనింపుడు. ఆకాశమున మబ్బులు కనబడవు; అంతయు తెల్లగా నుండును. ఎఱ్ఱని తలపాగా దాదాపు నల్లగా నుండును. ఇది ఫోటో తీసినవారి లోపము కాదు. నాటి పలకలపై పూసిన వెండి లవణములకు నీలపు వెలుగు మాత్రమే బాగుగా తెలియును. ఎఱుపు తెలియదు, పసుపు అంతంతమాత్రము. అందుచేత నీలాకాశము తెల్లవాఱిపోయెడిది, ఎఱ్ఱని వస్తువు నల్లబడెడిది. ఆనాడు మన ఎండుమిరప కల్లమును ఫోటో తీసియున్నచో బొగ్గుల రాశివలె కనబడెడిది. 1873లో జర్మనీలో వోగెల్ అను శాస్త్రజ్ఞుడు కొన్ని అద్దకపు రంగులను కలిపినచో పలకకు ఆకుపచ్చ, పసుపు కూడ తెలియునని కనిపెట్టెను. ఎఱుపుతో సహా అన్ని రంగులను గ్రహించు పలకలు ఇరువదవ శతాబ్ది ఆరంభమున గాని అంగళ్లకు రాలేదు.

అనగా, పాతఫోటో అందము అనుకొనునది సగము ఆ రసాయనముల చూపులోని లోటే. ఈ మాట మనసులో నుంచుకొనుడు.

రంగుల ఫిలిము వచ్చిన తరువాత కూడ ఒక్కొక్క ఫిలిముది ఒక్కొక్క చూపు. కొడాక్ వారి కొడాక్రోము 1935లో వచ్చి లోకమున డెబ్బది యేండ్లకు పైగా చెలామణియై, 2009లో నిలిపివేయబడినది. దాని ఎఱుపు గాఢమైనది. దానిని కడుగుట ప్రత్యేక కర్మాగారములలో తప్ప కానిపని. అమెరికాలోని కాన్సాసులో చివరి కర్మాగారము 2010 డిసెంబరుతో ఆ పని మానుకొనెను. తయారైన చివరి చుట్టను స్టీవ్ మెక్‌కరీ అను ఛాయాచిత్రకారుడు వాడెను. అందలి కొన్ని చిత్రములు మన దేశమున తీసినవే. ఫ్యూజీ వారి వెల్వియా 1990లో వచ్చినది. చెట్లు, కొండలు తీయువారికి అది ప్రియమైనది, ఏలన దానిలో ఆకుపచ్చ ఉన్నదానికంటె మిన్నగా పండును. ముఖములకు మాత్రము పనికిరాదు, ఎఱ్ఱబాఱును. 1998లో కొడాక్ వారు తెచ్చిన పోర్ట్రా ముఖముల కొఱకు చేసినది. రంగులు మెత్తగా, నీడలు సాత్వికముగా నుండును. నేటి ప్రీసెట్లలో అధికభాగము ఈ రెండు మూడు పేర్ల చుట్టునే తిరుగుచున్నవి.

మన దేశమునకు కూడ స్వంత ఫిలిము ఉండెడిదని నేటి పిల్లలకు తెలియదు. నీలగిరులలో ఉదకమండలమున కేంద్రప్రభుత్వము 1960లో స్థాపించిన హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్సు కర్మాగారము ‘ఇందు’ అను పేరుతో నలుపు తెలుపు ఫిలిము, ఆసుపత్రులకు ఎక్స్‌రే ఫిలిము తయారుచేసెడిది. మా పెండ్లినాటి ఫోటోలు కొన్ని ఆ ఫిలిము మీదనే తీయబడినవి. డిజిటల్ కెమెరాల ధాటికి ఆ కర్మాగారము నిలువలేక మూతపడినది. ఇందు ఫిలిము ప్రీసెట్ నాకు ఎచ్చటను కనబడలేదు. ఎవరైన చేసినచో ముందుగా నేనే వాడుదును.

ఇక పనికి వత్తము. ఫిలిము ప్రీసెట్ లోపల ఏమి జరుగునో తెలిసినచో సగము విద్య వచ్చినట్లే. మొదటిది వెలుగునీడల వంపుగీత. చిత్రములోని కటిక చీకటిని కొంచెము పైకి లేపినచో నలుపు బూడిదగా మాఱి, పాతబడిన ఫోటోవలె నుండును. రెండవది రంగుల మార్పు. ఆకుపచ్చను కొంత పసుపువైపో నీలమువైపో జరిపి, దాని గాఢత తగ్గింతురు. పసుపును నారింజవైపు నెట్టుదురు. మూడవది నీడలకు ఒక రంగు, వెలుగులకు మఱియొక రంగు పూయుట. నీడలలో నీలాకుపచ్చ, వెలుగులలో తేనెరంగు నేటి వాడుక. నాల్గవది గరుకు. నిజమైన ఫిలిములో వెండి లవణపు రేణువుల వలన ఆ గరుకు పుట్టెడిది. ఇచ్చట యంత్రము దానిని కల్పించి చల్లును. ఈ నాలుగింటిని వేఱువేఱుగా చేసి చూచినవానికి ఏ ప్రీసెట్ చూచినను అందులో ఏమేమి కలిపినారో వాసనతోనే తెలియును.

సాఫ్టువేరు విషయమై ఎక్కువ వ్రాయను. అడోబీ వారి లైట్‌రూము 2007 నుండి యున్నది. కంప్యూటరులో వాడుటకు చందా కట్టవలెను గాని, ఫోనులో ప్రాథమికమైన పనులకు సొమ్ము లేకయే వాడుకొనవచ్చును. కంప్యూటరు గలవారికి డార్క్‌టేబుల్, రాథెరపీ అను రెండు సాఫ్టువేరులు పూర్తిగా ఉచితము. ప్రీసెట్లను డార్క్‌టేబుల్‌లో స్టైళ్లు అందురు. రాథెరపీలో ఫిలిము అనుకరణకు ప్రత్యేకమైన విభాగమే గలదు. ఫోనులో స్నాప్‌సీడ్ కూడ ఉచితమే. వీనిలో ఏది చేతికి వచ్చిన దానితో ఆరంభింపవచ్చును. నెలకొక సాఫ్టువేరు మార్చుట మాత్రము, ఏటేట అరక మార్చు రైతు పనివంటిది.

ఆరంభకులు చేయు మొదటి తప్పు, ఫోటో తెఱచినంతనే ప్రీసెట్ తాకుట. ప్రీసెట్ మీ ఫోటోను చూడదు. మధ్యాహ్నపు టెండలో తీసినదైనను, వేపచెట్టు నీడలో తీసినదైనను, దీపపు వెలుగులో తీసినదైనను అవే అంకెలను వేయును. కొన్ని క్రొత్తరకములు ఆకాశమును, మనుష్యుని గుర్తించి పనిచేయుచున్న మాట నిజమే గాని, అధికభాగము ఇట్టివే. భూసార పరీక్ష లేకుండ ఊరంతటికి ఒకే మోతాదు ఎరువు చెప్పుట ఎట్టిదో ఇదియు నట్టిదే. కావున ముందు ఫోటోను సరిచేయవలెను. వంకరగా నున్న గట్టును తిన్నగా చేయుడు. వెలుగు చాలనిచో పెంచుడు. పిదప తెలుపు సరిపఱచుడు. అనగా ఆ ఫోటోలో నిజముగా తెల్లనిదో బూడిదరంగుదో అగు వస్తువు ఆ రంగుననే కనబడునట్లు చేయుట. దీనికి సాఫ్టువేరులో ఒక పుల్లవంటి గుర్తు ఉండును. దానిని సిమెంటు గోడమీద తాకించిన చాలును. ధోవతి తెల్లగా నున్నది కదా యని దానిమీద తాకింపవలదు. మన చాకలి పెట్టిన నీలిమందు ఫోటో అంతటిని పసుపు చేయును. నేను రెండు వారములు ఈ తప్పు చేసితిని.

ఇట్లు సరిచేసిన పిదపనే ప్రీసెట్ వేయవలెను. వేసిన వెంటనే దాని మోతాదు తగ్గించు గీత ఎచ్చటనున్నదో వెదకుడు. నూటికి నూఱు వేసినచో కంటికి మొదట ఇంపుగా దోచును, మఱునాడు చూచినచో వెగటు పుట్టును. నాకు నలుబది, ఏబది నడుమ సరిపోవుచున్నది. ఫోనులు తమంతట తామే ఫోటోకు వెలుగు, పదును, రంగు కలిపి యిచ్చుచున్నవని మఱవరాదు. దానిమీద మరల ప్రీసెట్ వేయుట ఉప్పువేసిన కూరలో మరల ఉప్పు వేయుటయే. మీ ఫోనులో రా అను పద్ధతి యున్నచో, అనగా కెమెరా గ్రహించినది వండకుండ దాచు పద్ధతి యున్నచో, దానితో నభ్యసించుట మేలు. అట్టి ఫైళ్లు బరువు. పెండ్లికి అక్కఱలేదు, నేర్చుకొనుటకు అక్కఱ.

అభ్యాసమునకు మన సికిందరాబాదులో మోండా మార్కెట్టును మించిన బడి లేదు. తెల్లవాఱుజామున దీపాల క్రింద టమాటా బుట్టను ఒకటి, ప్రొద్దెక్కిన తరువాత నీడలో అదే బుట్టను ఒకటి, ఎండలో మఱియొకటి తీయుడు. అమ్మువారి అనుమతి అడుగుట మఱవవలదు; అడిగినచో కాదనువారు తక్కువ, బేరము లేకుండ అడ్డము నిలిచినచో విసుగుకొనుట వారి ధర్మము. ఇంటికి వచ్చి మూడు ఫోటోలకు ఒకే ప్రీసెట్ వేసి ప్రక్కప్రక్కన పెట్టుడు. ఒకదానిలో టమాటా టమాటాగా నుండును, ఒకదానిలో ఇటుకగా నుండును, ఒకదానిలో గులాబియై కూర్చుండును. ఈ ఒక్క అభ్యాసము పది పుస్తకములకంటె ఎక్కువ నేర్పును.

ముఖముల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. ఇరువదవ శతాబ్దిలో అమెరికాలో రంగు ఫోటోలను అచ్చువేయు కార్ఖానాలు తమ యంత్రములను సరిచూచుకొనుటకు ఒక తెల్ల స్త్రీ పటమును ప్రమాణముగా నుంచుకొనెడివి. షర్లీ కార్డు అని దానికి పేరు. ఆమె చర్మము బాగుగా వచ్చినచో అన్నియు బాగుగా వచ్చినట్లే. చామనచాయ, నలుపు ముఖములు ఆ కొలతలో ఇమడక నీడలలో మునిగిపోయెడివి. నల్లవారి తల్లులు తమ పిల్లల బడి ఫోటోలను చూచి మొఱపెట్టుకొనినప్పటికంటె, కొయ్యసామాను వారును చాకొలెట్టుల వారును తమ సరకుల గోధుమరంగులలో తేడా ఫోటోలో తెలియుటలేదని ఫిర్యాదు చేసినప్పుడే ఫిలిము మార్పునకు ఎక్కువ త్రోవ దొరికినదట. ఆ ఫిలిమును అనుకరించిన ప్రీసెట్‌కు ఆ కొలతలోని వంకర కొంత వారసత్వముగా రాకుండునా? పైగా వానిని చేయువారు పలువురు మబ్బుపట్టిన చలిదేశములవారు. వారి వెలుగు మెత్తనిది, మనది నిట్టనిలువు ఎండ. కావున ప్రీసెట్ వేసిన తరువాత ముఖమును పెద్దదిచేసి చూడుడు. బుగ్గ బూడిదబాఱినదా, కంటిక్రింద నల్లబడినదా? బడినచో నారింజరంగు గీతను వెలుగువైపు కొంచెము జరుపుడు, నీడలను లేపుడు.

ఇచ్చటనే మన వారికొక చిక్కు వచ్చును. మనుష్యుల చర్మము, మన చెల్క నేలల ఎఱ్ఱమన్ను, పసుపు కొమ్ము, మొక్కజొన్న కంకి, ఇవి యన్నియు సాఫ్టువేరు లెక్కలో నారింజ, పసుపు అను రెండు గీతల క్రిందికే వచ్చును. ముఖము బాగుపఱుప బోయి గీత జరిపినచో వెనుకనున్న మన్నును, చేతనున్న పసుపును కదలును. ఆషాఢమాసమున ఉజ్జయినీ మహంకాళి బోనాలనాడు తీసిన ఫోటోలలో ఇది నాకు స్పష్టముగా తెలిసినది. ఒడలంతయు పసుపు పూసికొనిన పోతరాజు, వేపమండలు, ఎఱ్ఱని కుంకుమ. ఇట్టి చోట ఒక ప్రసిద్ధమైన ఫిలిము ప్రీసెట్ వేయగా పోతరాజు తుప్పుపట్టిన ఇనుమువలె అయ్యెను, వేపాకు ఎండిపోయెను. పండుగలోని రంగులు అర్థముగల రంగులు. అందు పసుపు పసుపుగానే యుండవలెను. ఆ ఫోటోలకు నేను ప్రీసెట్ తీసివేసి వెలుగు మాత్రము సరిచేసి యుంచితిని.

ఇక పత్తిచేని సంగతి. మా మేనల్లునికి సిద్దిపేట వైపు కొంచెము పత్తి యున్నది. ఒక యాదివారము నేను పోయినప్పుడు ఆకుల అంచులు మాఱుచున్నవని చూపెను. నేను ఫోటోలు తీసి, అలవాటు చొప్పున వానికి నాకు ప్రియమైన ప్రీసెట్ వేసి, తెలిసిన యొక వ్యవసాయ సలహాదారునకు పంపితిని. ఆ ప్రీసెట్ పసుపును నారింజగా, నారింజను ఎఱుపుగా జరుపునదని నాకు తెలియును. కాని పంపునప్పుడు ఆ ధ్యాసయే లేదు. ఆయన ఫోటోలో ఎఱ్ఱబాఱిన ఆకులను చూచి, ఇది మెగ్నీషియము లోపమువలె నున్నది, లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటు కలిపి కొట్టుడని చెప్పెను. కొట్టితిమి. పది దినములు గడచెను. చేను ఇంకను చెడెను.

అప్పుడాయన అసలు ఫోటోను, దిద్దనిదానిని పంపుమనెను. పంపగా చూచి వెంటనే, ఆకు అంచులు మొదట పసుపుబాఱి క్రిందికి ముడుచుకొనుచున్నవి, ఈనెల నడుమ ఎఱుపు లేదు, ఆకు త్రిప్పి అడుగున చూడుడనెను. త్రిప్పగా పచ్చదోమ పిల్లలు ప్రక్కకు ప్రాకుచున్నవి. మెగ్నీషియము లోపమున ఈనెలు పచ్చగా నిలిచి వాని నడుమ ఎఱ్ఱబాఱును. పచ్చదోమ రసము పీల్చినప్పుడు అంచులనుండి ఆరంభించును, ఎఱుపు పిదప వచ్చును. ఈ భేదమునే నా ప్రీసెట్ చెఱిపివేసినది. పసుపు అంచులను ఎఱ్ఱగా చేసినది; చల్లిన కృత్రిమపు గరుకు ఈనెలను కప్పినది. సలహాదారుని తప్పు రవ్వంతయు లేదు. ఆయనకు నేను చూపినదే ఆయన చూచెను. రెండు మార్లు కొట్టిన మందు, కూలి, ఆ చెక్కలో తగ్గిన మొదటి ఏరుడు పత్తి, ఇవి మా మేనల్లుడు నన్నేమియు అనకుండ భరించెను. అనినచో తేలికగా నుండెడిది.

అప్పటినుండి నేను పాటించునదేమనగా, పైరు రోగమునకు, పురుగునకు, వడగండ్ల నష్టమునకు, తడిసిన ధాన్యమునకు తీసిన ఫోటోను ప్రీసెట్‌ల దరికి పోనీయను. వెలుగు కూడ దిద్దను. ఆకు పైభాగము ఒకటి, అడుగుభాగము ఒకటి, మొక్క మొత్తము ఒకటి, నీడలో తీయుదును. ప్రక్కన ఒక తెల్లకాగితము పెట్టుదును, రంగు తేడా పడినచో చూచువారికి ఆ కాగితమువలన తెలియును. వాట్సాపులో ఫోటోగా పంపినచో అది నలిగి చిన్నదగును, తీసిన తేది, స్థలము వంటి వివరములు పోవును. డాక్యుమెంటుగా పంపినచో అసలు ఫైలు అట్లే పోవును. నష్టపరిహారపు అర్జీలకు జతపఱచు ఫోటోలను ఇట్లే ఉంచుకొనుట మంచిది. దిద్దిన ఫోటో ఒక్కటి కలిసినను తక్కినవానిమీద అనుమానము రాకమానదు.

అమ్మకమునకు పెట్టు ఫోటోల సంగతి ఇంకను సున్నితమైనది. వరంగల్ చపాట మిరప ఎఱుపుకే పేరు పొందినది; నిజామాబాదు పసుపుకు రంగే బేరము. ఫోటోలో ఎఱుపు పెంచి పంపుట నీళ్లు చల్లి తూకమునకు పెట్టుటతో సమానమని కొందఱు సభ్యులు వాదించిరి. మఱి కొందఱు, ఫోను తీసిన ఫోటోలో మిరప నిజముగా ఉన్నదానికంటె నారింజగా వచ్చును, దానిని సరిచేయుట మోసమెట్లగునని అడిగిరి. రెండును సరియే. నాకు దోచిన పరీక్ష ఇది: దిద్దిన ఫోటోను ఫోనులో తెఱచి, ఆ మిరపకాయ ప్రక్కన పెట్టి పగటి వెలుగులో చూడుడు. రెండును ఒకటిగా నున్నచో పంపుడు. ఫోటో మిన్నగా నున్నచో తగ్గించుడు. ఈ పరీక్షకు ఏ ఫిలిము ప్రీసెట్‌యు నిలువలేదు. తెలుపు సరిపఱచిన ఫోటోలే నిలిచినవి.

ప్రీసెట్లు కొనుట గూర్చి పలువురు అడుగుచున్నారు. వేయి ప్రీసెట్లు ఇంత ధరకని ప్రకటనలు ఫోను తెఱచినంతనే వచ్చుచున్నవి. వేయిలో తొమ్మిదివందలు ఒకదానికొకటి అక్కచెల్లెండ్రు. సాఫ్టువేరుతో వచ్చునవి, ఉచితముగా దొరకునవి ఒకటి రెండు తీసికొని, వానిలోని గీతలు ఎచ్చట నిలిచియున్నవో చూచి, మీ పొలపు వెలుగునకు తగినట్లు మార్చి, మీ పేరుతోనే దాచుకొనుడు. నేను నల్లరేగడి చేల కొఱకు ఒకటి, ఎఱ్ఱచెల్కల కొఱకు ఒకటి చేసికొంటిని. రెండవదానిలో నారింజ గాఢత కొంచెము తగ్గించియుండును, లేనిచో మన్ను మండుచున్నట్లు కనబడును. తెలియనివారు పంపిన ఫైళ్లను, ముఖ్యముగా సాఫ్టువేరునే నింపుమను ఫైళ్లను ఫోనులో వేసికొనవలదు.

ఇంతయు చదివి ఫిలిము ప్రీసెట్ పనికిరానిదని యెంచవలదు. మా అమ్మ పొయ్యిదగ్గఱ కూర్చుండి మక్కగారెలు వేయుచుండగా తీసిన ఫోటో యొకటి గలదు. ఫోనులో అది అతిగా పదునై, వెనుకగోడమీది వైర్లతో సహా ప్రతి గీతయు అఱచుచుండెను. తెలుపు సరిచేసి, పోర్ట్రా అనుకరణను మూడవవంతు వేసి, నీడలు కొంచెము లేపితిని. వైర్లు వెనుకకు పోయెను, పొగ మెత్తబడెను, మా అమ్మ ముఖమున నిప్పు వెలుగు నిలిచెను. అచ్చు వేయించి గోడకు పెట్టితిమి. చూచిన చుట్టములు ఇది పాత ఫోటోయా యని అడుగుటలేదు. గారెలు ఎప్పటివని అడుగుచున్నారు.

ఫోటోలు పంపు సభ్యులకు ఒక మనవి. మన సంఘపు కంప్యూటరులో ఇప్పుడు రెండు అరలు ఏర్పఱచితిమి. ఒకదానికి ‘అసలు’ అనియు, రెండవదానికి ‘దిద్దినవి’ అనియు పేరు. పైరు రోగము, పంట నష్టము, ధాన్యపు నాణ్యము గూర్చినవి అసలులోనికి. పెండ్లిండ్లు, పండుగలు, ఎద్దుల పందెములు, మనుమరాండ్రు మీ యిష్టము వచ్చిన దానిలోనికి పంపవచ్చును. పంపునప్పుడు ఏ అరకో ఒక ముక్క వ్రాయుడు.